పెద్దమ్మ ఫోన్‌కు వచ్చిన ఓటీపీలు

పెద్దమ్మ పోయిందన్న కబురు నాకు స్వరూప చెప్పింది. స్వరూప మాకు చుట్టం కాదు. నారాయణఖేడ్‌లో పెద్దమ్మ నడిపిన పప్పు మిల్లులో లెక్కలు చూస్తుంది.

"అన్నా, అమ్మ పోయింది. దవాఖానలనే. పొద్దుగాల" అంది. తర్వాత తనే అడిగింది. "మిల్లు బంద్ పెట్టాల్నా, నడిపియ్యాల్నా?"

"ఆమెనడిగితే ఏమంటుండె?"

"నడిపియ్యమంటుండె. నేను సచ్చిన్నని కందులకు తెల్వదు గదా అంటుండె."

అట్లాగే అనేది. సమాధి కార్యక్రమం అయ్యేదాకా మూసి, ఆ తర్వాత తెరవమని చెప్పాను. మిల్లు మరుసటి రోజే తెరిచారు. ఆ వారం హైదరాబాద్‌కు వెళ్లాల్సిన పప్పు ఆ వారమే వెళ్లింది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. ఈ నాలుగు మాటలు రాయడానికి కారణం మాత్రం అదే.

మా అమ్మకు ఆమె సొంత అక్క. మిషన్ హాస్టల్‌లో ఉండి పదో తరగతి చదివింది. చాలా ఏళ్లు అంగన్‌వాడీ టీచర్‌గా చేసింది. పెదనాన్న త్వరగా పోయాడు. పిల్లలు లేరు. వాళ్ల గల్లీలో సాయంత్రం ఇంటి ప్రార్థనలు జరిగేవి. అక్కడ చేరిన ఆడవాళ్లలో చదువు వచ్చింది ఆమె ఒక్కదానికే కాబట్టి వాక్యం చదవడం ఆమె పని. చిన్నప్పుడు వేసవి సెలవులకు వచ్చి ఆ చాప మీద కూర్చునేవాణ్ని. ఒక వాక్యం చదివి తలెత్తేది. అందరి ముఖాలు చూసేది. ఎవరి ముఖమైనా ఖాళీగా కనిపిస్తే మళ్లీ చదివేది. దాంతో ప్రార్థన ఎప్పుడూ ఆలస్యమయ్యేది. పొయ్యి మీద కూర పెట్టి వచ్చిన ఆడవాళ్లు గుసగుసలాడేవారు. "ఏసుప్రభువు గూడ గింత ఆగి చెప్పలేదేమో" అని ఒకామె అంటే పెద్దమ్మే ముందు నవ్వింది. నవ్వి మళ్లీ మొదటి నుంచి చదివింది.

ఉద్యోగం అయిపోయాక చుట్టుపక్కల మండలాల మహిళా రైతులతో ఒక కంపెనీ పెట్టింది. ఊళ్లో దాన్ని సంఘం అనే పిలిచేవారు. సభ్యుల కందులు కొనడం, పప్పు పట్టించడం, అమ్మడం దాని పని. పెద్ద ఒప్పందం ఏదైనా నలుగురు డైరెక్టర్ల సంతకాలతోనే చెల్లాలని నియమం రాసుకున్నారు. ఆ నలుగురూ ఒకచోట ఉండేవారు కాదు. పెద్దమ్మ, రజియా బేగం ఖేడ్‌లో, అంటే నారాయణఖేడ్‌లోనే. శరణమ్మది కర్ణాటక అంచున నాగల్‌గిద్ద. సుశీలది సిర్గాపూర్.

అందుకని ప్రతి ఒప్పందం కాగితమూ ఊళ్లు తిరిగేది. పెద్దమ్మ దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని బస్సెక్కేది. బస్సు దాటని చోట ఆటో. ఇంటికి వెళ్లగానే పెన్ను ఇచ్చేది కాదు. ప్రార్థనలో వాక్యం చదివినట్టే కాగితం మొత్తం చదివేది. "సమజైందా?" అని అడిగితే అందరూ తలూపుతారని ఆమెకు తెలుసు. అందుకే "ఏం సమజైందో నువ్వు చెప్పు" అనేది. అవతలి మనిషి తన మాటల్లో తిరిగి చెప్పాలి. తప్పు చెబితే మళ్లీ చదువుతుంది. అందరూ ఒకచోట కూడిన మీటింగుల్లోనూ ఇదే పద్ధతి. చదవడం పూర్తికాగానే క్రైస్తవ ఆడవాళ్లు అలవాటుగా "ఆమేన్" అనేవారు. రజియా "ఆమీన్" అనేది. శరణమ్మ అందరినీ చూసి, అయిందన్నట్టు కన్నడంలో "ఆయ్తు" అనేది. ఆ తర్వాతే పెన్ను మూత తీసేవారు.

శరణమ్మ సంతకం నేర్చుకున్నది పెద్దయ్యాక. ఆ సంతకం ఒకనాడు ఉన్నట్టు ఇంకోనాడు ఉండేది కాదు. బ్యాంకు కాగితాలు వెనక్కి పంపేది. ఒకసారి పెద్దమ్మ ఆమెను వెంటబెట్టుకుని బ్యాంకుకు వెళ్లింది. నేనూ ఉన్నాను. ఆఫీసరు రెండు సంతకాలూ పక్కపక్కన పెట్టి చూపించాడు.

"చూడమ్మా, ఇది వేరు, ఇది వేరు."

"రెండు నేనే జేసిన సార్."

"ఒకేలా ఉండాలి కదా."

"దినాం నేనే రొట్టె జేస్త. దినాం ఒక్కతీరుగ వస్తదా? రొట్టె ఎట్లున్నా నాదే గదా" అంది శరణమ్మ. ఆఫీసరు నవ్వాడు కానీ కాగితం తీసుకోలేదు. బయటికి వచ్చాక పెద్దమ్మ ఆమెను మెట్ల మీద కూర్చోబెట్టి మళ్లీ మళ్లీ రాయించింది. అది అయ్యేసరికి నాగల్‌గిద్ద బస్సు వెళ్లిపోయింది. ఆ రాత్రి శరణమ్మ పెద్దమ్మ ఇంట్లోనే ఉంది. తిన్నంతసేపూ బ్యాంకును కన్నడంలో తిట్టింది.

తర్వాత సుశీల హైదరాబాద్ వెళ్లింది. సిర్గాపూర్ నుంచి పనికి వెళ్లేవాళ్లు చాలామందే. సుశీల ఒక అపార్ట్‌మెంట్‌లో ఊడ్చే, తుడిచే పనిలో చేరింది. సంతకానికి రావాలంటే పని మానాలి, కూలి పోతుంది. రెండు మూడు కాగితాలు ఆమె సంతకం లేక ఆగాయి. ఆమెను తీసేసి ఖేడ్‌లో ఉండే మరొకరిని పెట్టుకుందామని మీటింగులో మాట వచ్చింది. పెద్దమ్మ ఒప్పుకోలేదు. "కూలికి పోయింది గానీ, పొలం అమ్ముకుని పోలే. ఆమె కందులు మన గోదాములనే ఉన్నయి" అంది.

ఎలక్ట్రానిక్ సంతకం గురించి స్వరూప చెప్పినప్పుడు అందుకే పెద్దమ్మ శ్రద్ధగా వింది. విషయం సులువు. ఒప్పందం ఫోన్‌లోకో కంప్యూటర్‌లోకో వస్తుంది. ఆధార్ నంబర్ కొడితే, దానికి జోడించిన మొబైల్‌కు ఓటీపీ వస్తుంది. అది కొడితే సంతకం పడుతుంది. ఎవరు చేశారో, ఏ రోజు ఏ సమయానికి చేశారో అందులోనే నమోదవుతుంది. ఆ తర్వాత ఎవరైనా ఒక్క అక్షరం మార్చినా ఫైలు తెరిచినప్పుడు తెలిసిపోతుంది. చట్టం దీన్ని చేతి సంతకంతో సమానంగా చూస్తుంది. వీలునామా వంటి కొన్నింటికి మాత్రం ఇప్పటికీ కాగితమే కావాలి.

పెద్దమ్మ అన్నీ విని ఒకటే అడిగింది. "శరణమ్మ దస్కత్ సొట్టబోతదా దీంట్ల?"

"సొట్టబోయేటందుకు గీతలే ఉండయి అమ్మా."

"అయితే మంచిదే."

మొదటిసారి దాన్ని వాడిన రోజు నేను అక్కడే ఉన్నాను. మా పత్రికకు కంది ధరల మీద వార్త కోసం ఖేడ్ వెళ్లి, మధ్యాహ్నం మిల్లులో కూర్చున్నాను. గోదాము నిండా ఆ ఏటి కందులు ఉన్నాయి. మార్కెట్‌లో ధర పడిపోతోంది. హైదరాబాద్‌లో హాస్టళ్లకు సరుకులు అందించే ఒక వ్యాపారి ఎండాకాలమంతా పప్పు తీసుకుంటానని ఒప్పందం పంపాడు. మరుసటి సాయంత్రానికి నలుగురి సంతకాలూ రావాలి, లేకుంటే వేరే మిల్లుతో మాట్లాడుకుంటానని చెప్పాడు. జల్లెడ పట్టే ఆడవాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. ఆ ఒప్పందం కుదిరితే వాళ్లకు వర్షాలు పడేదాకా పని ఉంటుంది.

పెద్దమ్మ ఒప్పందాన్ని రజియాకు ఎదురుగా, శరణమ్మకు ఫోన్‌లో చదివింది. సుశీల ఫోన్ మోగలేదు. తర్వాత చూద్దామని తన సంతకంతో మొదలుపెట్టింది. ఓటీపీ వచ్చింది, స్వరూప కొట్టింది, అయిపోయింది.

"గింతేనా? పెన్ను మూత తీసేటంత సేపు గూడ పట్టలే" అని పెద్దమ్మ నవ్వింది.

తర్వాత రజియా ఆధార్ నంబర్ కొట్టారు. రజియా తన ఫోన్ చేతిలో పట్టుకుని చూస్తోంది. మోగింది మాత్రం పెద్దమ్మ ఫోన్.

"నా ఫోనుకేమాయె? మూగబోయిందా ఏంది?" అంది రజియా.

శరణమ్మది కొట్టారు. మళ్లీ పెద్దమ్మ ఫోనే మోగింది. సుశీలది కొట్టి చూశారు. అదీ పెద్దమ్మ ఫోన్‌కే వచ్చింది. పెద్దమ్మ కాసేపు తెర వంక చూసి నుదురు కొట్టుకుంది.

కారణం ఆమే చెప్పింది. చాలా ఏళ్ల క్రితం ఆధార్ నమోదు శిబిరం పెట్టినప్పుడు ఈ ఆడవాళ్లలో ఎవరికీ ఫోన్ లేదు. అంగన్‌వాడీ టీచర్‌గా అందరినీ తీసుకెళ్లింది ఆమే. మొబైల్ నంబర్ ఏదని అడిగితే, ప్రతి ఒక్కరికీ తన నంబరే చెప్పింది. "ఏమన్న ఖబర్ వస్తే నేనే ఇంటికి పోయి చెప్త అనుకున్న" అంది. తర్వాత అందరూ ఫోన్లు కొనుక్కున్నారు. ఆధార్‌లో నంబర్ మార్చాలని ఎవరికీ తట్టలేదు.

రజియా పడీపడీ నవ్వింది. "నీ ఫోన్లనే మేమంత కాపురమున్నట్టు అక్కా!"

రజియా పెద్దమ్మ ఫోన్ తీసుకుని, అంకెలు చూసి తనే కొట్టింది. శరణమ్మకు అంకెలు ఫోన్‌లో చదివి వినిపించి, ఆమె "కొట్టు కొట్టు" అన్నాక పెద్దమ్మ స్వరూపను కొట్టనిచ్చింది. అలా కొట్టనివ్వడం కూడా ఆమెకు నచ్చలేదని ముఖంలో తెలుస్తోంది. ఇక మిగిలింది సుశీల. రాత్రి దాకా ఫోన్ కలవలేదు. మరుసటి రోజు పొద్దున కూడా కలవలేదు. అదే అపార్ట్‌మెంట్‌లో పనిచేసే మనిషి ద్వారా కబురు పంపారు. సుశీల ఫోన్ నీళ్లలో పడి పాడైందని, ఆమె వేరే చోటికి పనికి వెళ్లిందని తెలిసింది. మధ్యాహ్నం దాటింది. వ్యాపారి రెండుసార్లు ఫోన్ చేశాడు.

స్వరూప మెల్లగా అంది. "అమ్మా, మల్లొకసారి ఓటీపీ తెప్పిస్త. నీ ఫోన్‌కే వస్తది. కొట్టేస్తే అయిపాయె. సుశీలక్క ఏమంటది? ఊకుంటది."

"ఊకుంటదనే గదా బిడ్డా నా భయం" అంది పెద్దమ్మ.

"నీ మాటంటే ఆళ్లకు..."

"నా మాట గాదు, ఆమె దస్కత్. ఆమె ఇనలే. ఇననిదానికి నేనెట్ల గుద్దాలె?"

జల్లెడ పట్టే ఆడవాళ్లు తలుపు దగ్గర నిలబడి చూస్తున్నారు. పెద్దమ్మ వ్యాపారికి ఫోన్ చేసి ఒక్క రోజు గడువు అడిగింది. ఉన్న విషయం ఉన్నట్టే చెప్పింది. అతను మర్యాదగానే కుదరదన్నాడు. సాయంత్రం వేరే మిల్లుతో ఒప్పందం చేసుకున్నాడు.

ఆ ఎండాకాలం మిల్లు చాలా రోజులు ఖాళీగా ఉంది. కందులు కొద్దికొద్దిగా మార్కెట్‌లోనే అమ్మారు. జల్లెడ పట్టే ఆడవాళ్లలో కొందరు వేరే కూలి వెతుక్కున్నారు. ఆమె చేసింది సరైనదని తర్వాత చాలామంది అన్నారు కానీ, అప్పుడు అనలేదు. శరణమ్మ నాగల్‌గిద్ద నుంచి ప్రత్యేకంగా వచ్చి తిట్టింది.

"ఏనక్కా ఇది? నాది కొడ్తివి, ఆమెది కొడితే నీ సొమ్మేం బోయింది? గింత నియమమా! మేమేమన్న పోలీసు కేసు పెడ్తుంటిమా?"

"పెట్టరు. నాకెర్కే."

"మల్ల?"

"రేపు నా జాగల ఇంకొకలు కూసుంటరు. ఆళ్ల ఫోన్ల మీ ముగ్గురి దస్కతులు ఉంటే ఆళ్లేం జేస్తరో నీకెర్కనా?"

శరణమ్మ లేచింది. ఇచ్చిన చాయ్ తాగకుండానే వెళ్లింది. కొన్నాళ్లకు సుశీల కొత్త ఫోన్ కొని మాట్లాడింది. పెద్దమ్మ ఆమెకు ఆ ఒప్పందం మొత్తం చదివి వినిపించింది. అప్పటికి అది ఎందుకూ పనికిరాదు. అయినా చదివింది. సుశీల విని "నేనైతే చేస్తుంటి అత్తా. ఎందుకు పోగొట్టినవ్?" అంది.

"నువ్వు చేస్తుంటివి బిడ్డా. నేను చెయ్యొద్దు" అని పెద్దమ్మ ఫోన్ పెట్టేసింది. ఆ రోజు భోజనం సగంలోనే లేచిందని స్వరూప చెప్పింది.

ఆ తర్వాత పెద్దమ్మ చేసిన పని ఒకటే. ముగ్గురి ఆధార్ నంబర్లకూ వాళ్ల సొంత మొబైల్ నంబర్లు జోడించే దాకా ఎవరినీ వదల్లేదు. సుశీల హైదరాబాద్‌లోనే ఆధార్ కేంద్రానికి వెళ్లింది. రజియా ఖేడ్‌లో మార్పించుకుంది. శరణమ్మ మొదట రానంది. "బ్యాడ, వద్దు నాకు, నీ ఫోనుకే రానీ" అంది. పెద్దమ్మ నాగల్‌గిద్ద వెళ్లి వాళ్లింటి ముందు కూర్చుంది. శరణమ్మ భర్త తన నంబర్ ఇస్తానని ముందుకొచ్చాడు. "నీది నీకు, ఆమెది ఆమెకు" అని పెద్దమ్మ అతణ్ని కూర్చోబెట్టింది. మరుసటి రోజు భార్యాభర్తలు, పెద్దమ్మ ముగ్గురూ కలిసి ఖేడ్ కేంద్రానికి వచ్చారు. వరుసలో నిలబడి శరణమ్మ మళ్లీ తిట్టింది. ఈసారి నవ్వుతూ తిట్టింది.

మరుసటి పంటకు ఇంకో కొనుగోలుదారు వచ్చాడు. పెద్దమ్మ మిగతా ముగ్గురినీ ఒకే ఫోన్ కాల్‌లో కలిపి ఒప్పందం చదివింది. ఎవరి ఓటీపీ వాళ్లకు వెళ్లింది. ఎవరిది వాళ్లే కొట్టారు. శరణమ్మ చేనులో ఉంది. సుశీల మెట్లు తుడవడం ఆపి గోడకు ఆనుకుని వింది. వారం రోజులు పట్టే పని ఒక పూటలో అయింది. కొనుగోలుదారు ఆ సాయంత్రమే లారీ పంపుతానన్నాడు. ఆ ఏడాది నుంచి బ్యాంకు శరణమ్మ సంతకాన్ని వెనక్కి పంపలేదు. సుశీలను డైరెక్టర్‌గా తీసేయాలన్న మాట మళ్లీ రాలేదు. కాగితాలు వానకు తడవడం, ఒక పేజీ ఎక్కడో మరిచిపోవడం, ఏ కాపీ అసలైనదో తెలియక వెతుక్కోవడం పోయాయి. వ్యాపారానికి దీనివల్ల ఏం లాభమని నేను ఒకసారి వార్త కోసం అడిగితే పెద్దమ్మ ఇలా చెప్పింది. "బస్సుల తిరిగే దినాలు మిగిలినయి. ఆ దినాలు చదువుటానికి పెట్టుకున్నం. జల్దీ అయ్యేది గుద్దుడు. ఇనుడు జల్దీ గావొద్దు."

పోయినేడు ఆమెకు ఊపిరితిత్తుల జబ్బు వచ్చింది. సంగారెడ్డి దవాఖానలో చేర్చాం. మొదటి వారం ఆక్సిజన్ గొట్టం పెట్టుకునే మిల్లు సంగతులు అడిగేది. ఫోన్ ఉంది, ఓటీపీ వస్తుంది, మంచం మీదే సంతకం చేయవచ్చు. స్వరూప అదే అంది. పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది.

"మందుల మత్తుల ఏం ఇంటున్ననో నాకే తెలుస్తలేదు. సగం ఇని దస్కత్ జేస్తే ఎట్ల? నన్ను తీసెయ్యిండ్రి."

తెలివిగా ఉన్న ఒక ఉదయం, తాను డైరెక్టర్‌గా తప్పుకుంటున్నానన్న కాగితం చదివించుకుంది. అందులో ఏముందో తన మాటల్లో తిరిగి చెప్పింది. ఓటీపీ వచ్చింది. కళ్లజోడు అడిగి, అంకెలు తనే కొట్టింది. ఆమె చేసిన చివరి సంతకం అదే. ఆమె స్థానంలో సభ్యులు మరొక రైతును ఎన్నుకున్నారు. తర్వాత కొన్ని నెలలు ఆమె మంచం మీదే ఉంది. మిల్లులో లారీలు నిండుతూనే ఉన్నాయి. మిగతా ముగ్గురి ఓటీపీలూ ఆమె ఫోన్‌కే వస్తూ ఉంటే సంఘం పని ఏ రోజు ఆగిపోయేదో నేను లెక్కగట్టగలను. కట్టాల్సిన అవసరం రాలేదు.

సమాధికి అందరూ వచ్చారు. సుశీల పని మానేసి వచ్చింది. రజియా దూరంగా నిలబడి చేతులు చాచి దువా చేసుకుంది. శరణమ్మ ఆ రాత్రి పెద్దమ్మ ఇంట్లోనే పడుకుంది.

మరుసటి రోజు శరణమ్మను నేను బస్టాండులో దిగబెట్టాను. నాగల్‌గిద్ద బస్సు నిలబడి ఉంది. అంతలో స్వరూప ఆమెకు ఫోన్ చేసింది. కొత్త ఒప్పందం వచ్చింది, మిగతా ముగ్గురివీ అయిపోయాయి, శరణమ్మ ఒక్కతే మిగిలింది.

"వదినా, ఓటీపీ వచ్చింటది చూడు. పోయినేటి లెక్కనే ఉంది ఒప్పందం. బస్సెక్కి కొట్టు" అంది స్వరూప. ఫోన్ స్పీకర్‌లో ఉంది కాబట్టి నాకూ వినిపించింది.

"చదువు" అంది శరణమ్మ.

"అదే వదినా, పోయినేటిదే..."

"పోయినేడు అక్క చదివింది. ఇప్పుడు నువ్వు చదువు."

స్వరూప చదవడం మొదలుపెట్టింది. కండక్టర్ కిందికి దిగి "నాగల్‌గిద్ద, నాగల్‌గిద్ద" అని కేకలేస్తున్నాడు. శరణమ్మ సిమెంటు బెంచీ మీద కూర్చుంది. స్పీకర్ తీసేసి ఫోన్ ఒక చెవికి ఆనించుకుని, రెండో చెవిని కొంగుతో మూసుకుంది.

"ఎక్కవా అవ్వా? ఇది పోతే మల్ల పొద్దూకినంకనే" అన్నాడు కండక్టర్.

ఆమె చేత్తో పొమ్మని సైగ చేసింది. "ఆ తేమ సంగతి మల్లొకసారి చదువు. సరుకు వాపసొస్తే లారీ కిరాయి ఎవలిది?" అని ఫోన్‌లో అడిగింది. కండక్టర్ విజిల్ వేశాడు. బస్సు వెనక్కి వచ్చి, తిరిగి, గేటు దాటి వెళ్లింది. శరణమ్మ అటు చూడలేదు. కళ్లు కిందికి వాల్చి, సంచి ఒడిలో పెట్టుకుని వింటూనే ఉంది.